పడనివ్వని మేజోళ్లు

మా ఆయన్ని వెనకనుంచి ఒక్క తోపు తొయ్యమని చెప్పింది నా మేనకోడలు హిమజే. కాకినాడలో వాళ్ల పరిశోధనశాల అది. నున్నటి పలకల మీద బకెట్టుడు సబ్బునీళ్లు పోసి, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని ఆ నీళ్ల మధ్య నిలబెట్టి, కట్టుకున్న పెళ్లాన్నే తొయ్యమంటున్నారు. చుట్టూ తెల్లకోట్ల పిల్లలు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. నిజంగానే పడితే ఆపడానికి పైకప్పు నుంచి రెండు తాళ్లు దించి, ఆయన చంకల కింద పట్టీలకు తగిలించారు.

“నావల్ల కాదే, నాకు భయం,” అన్నాను.

“పెళ్లయిన దగ్గర్నుంచీ తోద్దామనే ఉంది కదా నీకు! ఇవాళ అడిగి మరీ తోయించుకుంటున్నాను. కానియ్ మాణిక్యం,” అన్నారాయన.

తోశాను. నిజం చెప్పొద్దూ, కాస్త గట్టిగానే తోశాను. ఆయన ముందుకి ఊగారు. అంతలోనే ఆయన మోకాలు వొంగింది, వేళ్లు నేలని పట్టాయి, కుడికాలు టక్కున ముందుకి పడి నిలదొక్కుకుంది. ఆ సబ్బునీళ్ల మధ్యలో ఆయన చెక్కు చెదరకుండా నిలబడ్డారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

“నేనేం చెయ్యలేదు మాణిక్యం,” అన్నారు ఆశ్చర్యంగా కిందికి చూసుకుంటూ. “కాలు దానంతటదే వెళ్లింది!”

దాని పేరు నిలకడ అని పెట్టుకున్నారు. చూడ్డానికి తొడల దాకా వచ్చే బూడిదరంగు మేజోళ్లు, నడుముకి ఒక బెల్టు, బెల్టుకి వెనకవైపు సబ్బుపెట్టెంత డబ్బా. అంతే. మనిషి ఒరగబోతున్నాడని మేజోళ్లలోని సన్నటి తీగలు పసిగట్టి, కాలి కండరాలకీ, బెల్టు ద్వారా నడుం కండరాలకీ చిన్న కరెంటు తాకిడి ఇస్తాయి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి నాకు నా పద్ధతిలో అర్థమైంది. మామూలుగా కబురు మెదడుకి వెళ్లి, అక్కణ్ణుంచి కాలికి రావాలి. ముసలితనంలో ఆ లైను ఆలస్యం. ఈ మేజోళ్లు ఎక్స్ఛేంజీ జోలికి పోకుండా కాలి దగ్గరే లైను కలిపేస్తాయి.

“మరి కూర్చోవాలంటేనో?” అని అడిగాను.

“కూర్చోబోయే మనిషి ముందు తనంతట తనే నడుం వొంచుతాడు కదత్తయ్యా. ఆ వొంపుని బట్టి వదిలేస్తుంది. మిగతా ఏ ఒరుగైనా దీని దృష్టిలో పడిపోవడమే. అస్సలు ఒప్పుకోదు,” అంది హిమజ. ఒక మీట నొక్కితే తాళ్లు ఆయన్ని జానెడు పైకెత్తాయి. గాల్లో కాళ్లు మెత్తగా వేలాడాయి. “పాదం మీద బరువు లేకపోతే మాత్రం దీనికి పని లేదు. అప్పుడు ఉత్త మేజోళ్లే.”

వేలాడుతూనే మా ఆయన నాకేసి చూసి కన్నుకొట్టారు. వయసు మీద పడింది గానీ సిగ్గు పడలేదు.

అసలు ఆ మేజోళ్ల అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మా ఆయన సత్తిరాజు మాస్టారు, మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగారు. ఇవాళ ఊళ్లో పెన్షను తీసుకుంటున్న మగాళ్లలో సగంమంది ఒకప్పుడు ఆయన ఈలకి గ్రౌండులో వరస కట్టినవాళ్లే. గూనిగా నడిచేవాడు కనబడితే నడిరోడ్డు మీదైనా వీపు చరిచి నిటారుగా నిలబెడతారు. అలాంటి మనిషి రెండేళ్ల కిందట స్నానాలగదిలో పడ్డారు. మణికట్టు విరిగింది. కట్టు విప్పిన కొన్నాళ్లకి పెరట్లో, బట్టలారేసే తీగ కింద మళ్లీ పడ్డారు. ఈసారి తలకి కుట్లు. ఎలా పడ్డారని ఎవరడిగినా మా ఇద్దరి దగ్గరా ఒకటే జవాబు: సబ్బునీళ్లకి కాలు జారింది. పెరట్లో సబ్బునీళ్లెక్కడివని ఎవరూ అడగలేదు. మాకూ తట్టలేదు.

ఆ తరవాత ఆయన గడప దాటడం మానేశారు. “డ్రిల్లు మాస్టారు బోర్లా పడ్డాడంటే ఊరు నవ్వదా?” అనేవారు. మంచం పడితే నా గతేమిటని ఆయన భయం, ఆయన గతేమిటని నా భయం. మాకు పిల్లల్లేరు. మా తమ్ముడి కూతురు హిమజ సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపింది. దానికి సైకిలు నేర్పినప్పుడు వెనకాల సీటు పట్టుకుని గ్రౌండంతా పరిగెత్తింది ఆయనే. “మావయ్య నన్నొక్కసారి కూడా పడనివ్వలేదు. ఇప్పుడు నా వంతు,” అనేది. జిల్లాలో రెండొందలమంది ముసలివాళ్ల మీద పరీక్షగా ఈ మేజోళ్లు వాడి చూస్తున్నప్పుడు మొదటి జత తెచ్చి మావయ్య కాళ్లకే తొడిగింది.

ఇక చూడాలి మా ఆయన వైభవం! పొద్దున్నే ప్యాంటు కింద మేజోళ్లు ఎక్కించుకుని, కాలవగట్టు దాకా నడక. పక్కింటి అబ్బులు గారు ఆయనకి నడక తోడు. పోస్టుమాస్టారుగా చేసి దిగినాయన. ఆయన కర్ర పొడుచుకుంటూ వెనకాల, ఈయన చేతులు ఊపుకుంటూ ముందు.

“మాకెప్పుడిప్పిస్తారండి మీ మేనకోడలు గారు? ఆయ్, రెండో జత ఉంటే మాత్రం నాకే చెప్పాలండి చెల్లెమ్మగారూ,” అని రోజూ గుమ్మంలో నిలబడి అడిగేవారు అబ్బులు గారు.

హిమజ వారం వారం ఫోను చేసేది. “మావయ్య పడ్డాడా?” అనేది. “లేదే,” అనేదాన్ని. “హమ్మయ్య!” అనేది. దాని ప్రశ్న అదొక్కటే. నా జవాబూ అదొక్కటే.

ఆయన మాత్రం మెల్లగా మారిపోతున్నారు. ఒకరోజు కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. గ్లాసు ఒరిగిపోయి కాఫీ అంతా నేల మీదికి కారిపోతోంది. ఈయన చూపు గోడ మీద.

“స్తంభంలా ఆ నిలబడ్డమేంటండీ! ఇప్పుడే తుడిచాను కదా గచ్చు!” అని అరిచాను.

కాసేపటికి రెప్పలార్పి, “ఏదో ఆలోచనలో పడ్డానే,” అన్నారు. మొహం పాలిపోయి ఉంది. గచ్చు తుడిచే చిరాకులో అది నేను పట్టించుకోలేదు.

తరవాత అలాంటివి ఎక్కువయ్యాయి. కుళాయి విప్పి అలాగే నిలబడేవారు. బీరువా తలుపు పట్టుకుని నిలబడేవారు. హిమజని పట్టుకుని పద్మా అన్నారు, పద్మ అంటే ఎప్పుడో పోయిన ఆయన చెల్లెలు. ఒకనాడు హైస్కూలుకి దారెటని నన్నే అడిగారు. నేను నవ్వేశాను, ఆయనా నవ్వేశారు. వయసు కదమ్మా అన్నారు అందరూ. మతిమరుపుకి మందు లేదన్నారు. పోనీలే, మతి పోయినా మనిషి కాళ్ల మీద ఉన్నాడు, అదే పదివేలు అనుకున్నాను.

డిసెంబరులో పెన్షనర్ల సంఘం వార్షిక సమావేశం జరిగింది. నేనూ పెన్షనరునే కాబట్టి ముందు వరసలో నాకూ ఒక కుర్చీ ఉంది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదిలో పోయినవాళ్ల పేర్లు కార్యదర్శి పేర్రాజు గారు చదువుతారు. మా ఆయన మైకు ముందుకొచ్చి “సావధాన్!” అంటారు. హాలంతా లేచి నిలబడుతుంది. మౌనం అయ్యాక ఆయనే “విశ్రాం!” అంటారు. అప్పుడు కూర్చుంటారు. రెండు నిమిషాలైందా లేదా అని ఎవరూ వాచీ చూసుకోరు. మాస్టారు చెప్పేదాకా నిలబడాలి, అంతే. తహసీల్దార్లుగా చేసినవాళ్లూ, ఇంజనీర్లుగా చేసినవాళ్లూ ఆ ఒక్క ముక్క దగ్గర మళ్లీ ఎనిమిదో తరగతి పిల్లలైపోతారు. బయటివాళ్లకి నవ్వులాటగా ఉంటుంది గానీ మావాళ్లకి అదొక ముచ్చట.

ఆ ఏడాది చివరి పేరు గున్నేశ్వరరావు గారిది. డ్రాయింగు మాస్టారు, మా ఆయనకి ప్రాణస్నేహితుడు. ఆ పేరు వినగానే మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఎలాగో కూడదీసుకుని “సావధాన్!” అన్నారు. అందరూ లేచారు. నాకు మోకాళ్లు సహకరించవు కాబట్టి నేను కూర్చునే తల వంచుకున్నాను.

ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరో దగ్గారు. ఎక్స్ఛేంజీలో మూడు నిమిషాలకి ట్రంకు కాల్ తెంపడం అలవాటైన చెవి నాది, సమయం దాటిపోయిందని తెలుస్తూనే ఉంది. తలెత్తి చూశాను. మా ఆయన చేతులు రెండూ తొడలకి ఆనించి, గడ్డం గుండెల మీదికి వాల్చి నిటారుగా నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. వెనక వరసలో ఎవరో వెక్కారు. వేదిక మీద పేర్రాజు గారు పక్కాయనతో, “గున్నేశ్వర్రావంటే ప్రాణమండి ఆయనకి,” అని గుసగుసలాడి కళ్లు తుడుచుకున్నారు. కాళ్లు వొణికేవాళ్లు ముందు కుర్చీల వీపులు పట్టుకున్నారు గానీ ఒక్కళ్లూ కూర్చోలేదు. మాస్టారు ఇంకా చెప్పలేదు కదా! అంతమంది ఆయన మాట కోసం అలా ఆగిపోవడం చూసి నాకూ కళ్లు చెమర్చాయి.

అప్పుడు ఆయన పెదవి చివర నుంచి లాలాజలం తీగలా జారి చొక్కా మీద పడింది.

ఆయన తుడుచుకోలేదు. నేను కిందికి చూశాను. మోకాళ్ల కింద ప్యాంటు గుడ్డ అదురుతోంది. చెప్పుల్లోంచి వేళ్లు నేలని పట్టి వదులుతున్నాయి, పట్టి వదులుతున్నాయి. నడుం కింద అంతా మెలకువగా ఉంది. నడుం పైన ఎవరూ లేరు.

“ఏవండీ!” అని అరిచాను.

“ష్, అమ్మగారూ!” అన్నారు వెనకనుంచి. నన్ను, ఆయన పెళ్లాన్ని, ఊరుకోమంటున్నారు!

మెట్లెలా ఎక్కానో నాకు తెలీదు. దగ్గరికి వెళ్లి చెయ్యి ముట్టుకుంటే చల్లటి చెమట. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. ముందు ఈ మనిషిని పడుకోబెట్టాలి అన్న ఒక్క ముక్క తట్టింది. గుండెల మీద రెండు చేతులూ వేసి తోశాను. ఆయన ఎడమకాలు పద్ధతిగా వెనక్కి పడి నిలబడింది. పక్కనుంచి తోశాను. పక్కకి అడుగు పడి నిలబడింది. అమ్మబాబోయ్, అదే కాలు, అదే టక్కుమనే చప్పుడు, ఆ రోజు చప్పట్లు కొట్టించిన అదే అడుగు! నా మొగుణ్ణి నేలకి చేర్చాలని నేను ఏడుస్తూ తోస్తుంటే, ఆ మేజోళ్లు ఆయన్ని నిలబెడుతూనే ఉన్నాయి. నడుం పట్టి వొంచబోతే, ఆయనంతట ఆయన వొంగింది కాదు కాబట్టి మొద్దులా బిగుసుకుపోయింది. డబ్బా కోసం చొక్కా కింద వెతికాను. బెల్టు విప్పాలంటే దాని కొక్కెం రెండు వైపులా ఒకేసారి నొక్కాలి. నా వేళ్లు ఆడలేదు.

“తప్పండమ్మా, ఏంటిది!” అని పేర్రాజు గారు నా చెయ్యి పట్టుకున్నారు. నేను కొడుతున్నాననుకున్నారు పాపం.

“ఎత్తండి! ఆయన్ని నేల మీంచి ఎత్తండి!”

ఒక్కళ్లూ కదల్లేదు. హాలంతా నోళ్లు తెరుచుకుని సావధానంగా నిలబడి ఉంది. ఓరి మీ క్రమశిక్షణ మండా అనుకుని మైకు లాక్కుని, ఉన్న గొంతంతా పెట్టి “విశ్రాం!” అని అరిచాను.

అందరూ కూర్చున్నారు.

అవును, కూర్చున్నారు. కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అంత పెద్ద హాల్లో ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు.

ఆ చప్పుడుకే అబ్బులు గారికి ముందు తెలివొచ్చింది. కర్ర పారేసి వేదిక ఎక్కి, “పట్టండ్రా, మాస్టారికేదో అయిపోయింది!” అంటూ ఆయన చంకల కింద చేతులేశారు. పేర్రాజు గారూ మరిద్దరూ కాళ్లు పట్టారు. పాదాలు నేలని వదలగానే ఆ బిగువంతా పోయి ఆయన మనిషి మొత్తం తడిగుడ్డలా వేలాడిపోయారు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. బూడిదలా ఉన్న మొహంలోకి మెల్లగా రంగు వచ్చింది. గురక లాంటి ఊపిరి వచ్చింది. ప్రాణం ఉంది. ప్రాణంతో పాటు ఇంకేం మిగిలిందో అప్పటికి మాకు తెలీదు.

ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ చిన్నపిల్లే, ముప్ఫై దాటి ఉండవు. హిమజా నేనూ ఎదురుగా కూర్చున్నాం.

“మాస్టారి గుండె ఉండుండి కొట్టుకోవడం ఆపేస్తోందండి. కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఆగినప్పుడు మెదడుకి రక్తం అందదు, మనిషికి తెలివి తప్పుతుంది. తెలివి తప్పినవాడు ఏం చేస్తాడండి?”

“పడిపోతాడు,” అన్నాను.

“పడిపోతే తలా గుండే ఒకే ఎత్తులోకి వస్తాయి. రక్తం మళ్లీ మెదడుకి చేరుతుంది. పడ్డమే వైద్యం అన్నమాట. దెబ్బ తగలొచ్చు, ఎముక విరగొచ్చు, కానీ మెదడు దక్కుతుంది. ఈయన్ని పడనివ్వలేదు. గుండె మళ్లీ కొట్టుకున్నా, నిలువునా ఉన్న మనిషి తలదాకా రక్తం ఎక్కలేదు.” ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. “అంతకుముందు ఎప్పుడైనా పడ్డారా?”

“సబ్బునీళ్లకి...” అని మొదలెట్టి ఆగిపోయాను. పెరట్లో తీగ కింద సబ్బునీళ్లు లేవు. అవి జారిపడ్డం కాదు. రెండేళ్లుగా ఆయన గుండె మాకు కబురు చెప్తూనే ఉంది. ఆ కబురు వినకుండా లైను తెంపి, చప్పట్లు కొట్టుకున్నాం.

అంతలోనే ఇంకోటి తట్టింది. కాఫీ గ్లాసు. కుళాయి. బీరువా తలుపు. “స్తంభంలా ఆ నిలబడ్డమేంటండీ” అని నేను అరిచిన ప్రతిసారీ ఆయన నా ఎదురుగా తెలివి తప్పి ఉన్నారు. ప్రతిసారీ కొంత కొంత పోగొట్టుకున్నారు. దారి పోయింది, పేర్లు పోయాయి. మేం దానికి వయసు అని పేరు పెట్టుకున్నాం.

నేను పైకే అనేశాను. హిమజ మొహం చూడలేకపోయాను. “నేను ‘పడ్డాడా’ అనే అడిగాను అత్తయ్యా. ఎలా ఉన్నాడని ఒక్కసారీ అడగలేదు,” అంది.

“నువ్వడిగితే మాత్రం నేనేం చెప్పేదాన్నే? బాగున్నాడనే చెప్పేదాన్ని. ఊరుకో,” అన్నాను. ఊరుకోమన్నాను గానీ నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలీలేదు.

ఆయనకి పేస్‌మేకర్ అమర్చారు. గుండె ఇక ఆగదన్నారు. మెదడు సంగతి మాత్రం చెప్పలేమన్నారు. మాట రావొచ్చు, రాకపోవచ్చు. మనుషుల్ని గుర్తుపట్టొచ్చు, పట్టకపోవచ్చు. ఇంటికి తెచ్చుకున్నాం. అన్నం కలిపి పెడితే తింటారు. లేపితే లేస్తారు. చెయ్యి పట్టుకుంటే రెండడుగులు వేస్తారు. నాకేసి చూస్తారు. ఆ చూపులో నేనున్నానో లేదో తెలీదు. నాకు కావలసింది అదొక్కటే. ఇంకేం అక్కర్లేదు, నన్ను మాణిక్యం అని ఒక్కసారి పిలిస్తే చాలు. రోజూ పొద్దున్నే మొహం తుడుస్తూ అడిగేదాన్ని: “ఎవర్నండీ నేను?” ఆయన గోడకేసి చూసేవారు.

హిమజ పరిశోధనశాలతో గొడవపడింది. మేజోళ్లన్నీ వెనక్కి రప్పించాలంది. వాళ్ల పెద్దాయన, గుండెని కనిపెట్టే తీగ ఒకటి కలిపితే సరిపోతుంది, తెలివి తప్పితే మెల్లగా పడుకోబెట్టేలా మారుద్దాం, అంతవరకూ కంగారు పెట్టకు అన్నాడట. పరీక్షలో పడినవాళ్లు సున్నా అని అప్పటికే పైకి రాసి పంపేశారట.

“ఆ సున్నాలో మావయ్య కూడా ఉన్నాడత్తయ్యా,” అంది హిమజ. “రాతల ప్రకారం మావయ్య మా విజయం.”

ఉద్యోగం పోతే పోయిందని అదే ఊరూరా తిరిగింది. ఒకింట్లో కోడలు దానికి కాఫీ ఇచ్చి మరీ చెప్పిందట. “మీ మేజోళ్లు వేసుకున్న కాణ్ణుంచి మా అత్తగారికి భక్తి పెరిగిపోయిందండి. దేవుడి ముందు నిలబడితే పిలిచినా పలకరు. కన్నార్పకుండా అలా ఉండిపోతారు. మేమూ కదిలించమండి, పాపం తగులుద్దని.” హిమజ ఆ కాఫీ అక్కడే వదిలేసి దేవుడిగదిలోకి పరిగెత్తింది. ఆ ముసలావిడ మేజోళ్లు విప్పబోతే ఆవిడ కాళ్లు ముడుచుకుని ఏడ్చిందట. నా కాళ్లు నాకిచ్చెయ్యవే అని ప్రాధేయపడిందట. కొడుకొచ్చి హిమజని బయటికి పొమ్మన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒక్కళ్లూ వెనక్కి ఇవ్వలేదు. ఏమవుతుందో వివరంగా చెప్పినా ఇవ్వలేదు. పడి, తుంటి విరిగి, మంచంలో పుళ్లుపడి పోయినవాళ్లని అందరూ చూశారు. తెలివి తప్పి నిలబడినవాణ్ణి ఎవరూ చూడలేదు.

మా ఊళ్లో చూశారు కదా అనుకున్నాను. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆ భ్రమ కూడా తీరింది.

సాయంకాలం అబ్బులు గారొచ్చారు. మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. కాసేపు ఆయన కాలు నిమిరి, కాసేపు చలి గురించి మాట్లాడి, కర్ర చివర నేల మీద రాస్తూ అసలు సంగతి బయటపెట్టారు.

“ఏంలేదండి చెల్లెమ్మగారూ. మాస్టారి మేజోళ్లు మీ దగ్గరే ఉన్నాయని... ఆయనకెలాగూ ఇప్పుడు అవసరం లేదు కదాని...”

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. “అన్నయ్యగారూ! ఆయన్ని మీ చేతుల్తో ఎత్తారు! ఆ మొహం మీరు చూశారు!”

“చూశానండి. మర్చిపోతానా.” ఆయన కర్ర చివరకేసి చూస్తూ అన్నారు. “మొన్న వరండా మెట్ల మీద పడ్డానండి. మా కోడలు పిల్ల లేపి, ఏమనలేదండి, పాపం మంచిది. కానీ సాయంత్రానికి మా అబ్బాయి నా మంచం లోపలి గదిలోకి మార్చేశాడండి. ఇక బయటికి రావద్దన్నాడు. మతి పోతే నాకు తెలీదు కదండి చెల్లెమ్మగారూ. మంచంలో ఉంటే మాత్రం రోజంతా తెలుస్తూనే ఉంటది. నిలబడి పోవడమే నయమండి.”

తిడదామని నోరు తెరిచాను.

వెనకాల బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి చూసి గతుక్కుమన్నాను. మా ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని బీరువా దాకా ఒంటరిగా నడిచారు. అరలోంచి ఆ బూడిదరంగు మేజోళ్లు, బెల్టు తీసి గుండెకి పొదువుకున్నారు. అలాగే తడబడుతూ వచ్చి మంచం మీద కూర్చుని, అబ్బులు గారికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, నా ముందుకి కాలు చాపారు.

“వద్దండీ,” అన్నాను.

కాలు ఇంకా ముందుకి చాపారు. అర్థంకాక అడుగుతున్నారో, అంతా అర్థమై అడుగుతున్నారో నాకు తెలీలేదు. అబ్బులు గారు తల దించుకున్నారు. ఎంతసేపు చూసినా ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. చివరికి నేను కింద కూర్చుని, బెల్టు వెనక డబ్బాలోంచి ఆయనకి కనబడకుండా బ్యాటరీ లాగి కొంగున దాచుకున్నాను. మేజోళ్లు తొడిగాను. బెల్టు పెట్టాను. నా చేతులు వొణకలేదు, అది మాత్రం చెప్పగలను.

ఆయన లేచారు. ఎన్నాళ్లకో వీపు నిటారుగా పెట్టారు. గోడ పట్టుకోలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. ఆ ఉత్తగుడ్డని నమ్ముకుని వరండాకేసి నడిచారు. ఒకటి, రెండు, మూడు అడుగులు బ్రహ్మాండంగా పడ్డాయి. నేను చేతులు చాపి వెనకే నడిచాను. గుమ్మం దగ్గర పక్కకి ఒరిగారు. మేజోళ్ల మీద నమ్మకంతో చెయ్యి కూడా చాపలేదు ఆ మనిషి. నేను అడ్డం వెళ్లాను. ఇద్దరం కలిసి గచ్చు మీద పడ్డాం. నా మోచెయ్యి దోక్కుపోయింది, ఆయన బరువంతా నా మీదే.

“చెల్లెమ్మగారూ!” అని అబ్బులు గారు కర్రతో పరిగెత్తుకొచ్చారు.

మా ఆయన మొహం నా మొహానికి బెత్తెడు దూరంలో ఉంది. ఎర్రగా ఉంది. కళ్లలో చూపు ఉంది. ఆ చూపు నన్ను కాదు, ముందు తన కాళ్లని చూసింది. తరవాత ఆయన చెయ్యి బెల్టు వెనక్కి వెళ్లి డబ్బాని తడిమింది. ఖాళీ. అప్పుడు నాకేసి చూశారు. పెదాలు కదిలాయి, గొంతులో ఏదో అడ్డం పడింది, మళ్లీ కదిలాయి.

“మాణిక్యం,” అన్నారు.

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను.

“మోసం చేశావ్.”

నేను ఆయన్ని పట్టుకుని బావురుమన్నాను. ఆయన కోపంగా నన్ను తోసెయ్యబోతున్నారు, నేను వదల్లేదు.

“చేశానండీ,” అన్నాను. “రేపు కూడా చేస్తాను.”